సేటు దుకాణం బందు పెడతానన్నాడు

బోయినపల్లి అనగానే మీలో సగం మందికి సికింద్రాబాద్ పక్కనున్న కూరగాయల మార్కెట్టు గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది ఆ బోయిన్‌పల్లి సంగతి కాదు. కరీంనగర్‌కీ వేములవాడకీ నడుమ మరో బోయినపల్లి ఉంది. 2016 దాకా కరీంనగర్ జిల్లా, అప్పట్నుంచీ రాజన్న సిరిసిల్ల జిల్లా. ఆ మండలంలో ఒక పల్లె మాది. పల్లె పేరు రాయొద్దని సేటు ముందే షరతు పెట్టాడు. "పేపర్ల నా పేరొస్తె బాకీలోళ్ళు నవ్వుతరు బిడ్డా" అన్నాడు. అందుకని ఊరి పేరూ లేదు, ఆయన పేరూ లేదు. సేటంటే లక్షాధికారి అనుకునేరు! మా వైపు గల్లాపెట్టె ముందు కూర్చున్న ప్రతివాడూ సేటే.

ఆ సేటు పోయిన వానాకాలంలో దుకాణం బందు పెడతానని చెప్పేశాడు. మాటలు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఉప్పు తూచి ఇస్తూ, "దసరా దాటినంక తియ్య. పెద్దోడు హైదరాబాదు రమ్మంటుండు. కాళ్ళు గుంజుతున్నయి" అన్నాడట. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. టీవీలో చెప్పినా అంత తొందరగా పాకేది కాదు.

మీ వయసు వాళ్ళకి ఇందులో ఏముంది అనిపించవచ్చు. ముసలాయన దుకాణం మూసుకుంటే మూసుకుంటాడు, ఫోను నొక్కితే సబ్బుబిళ్ళ ఇంటికొస్తుంది కదా అంటారు. అనండి. కానీ మా తరానికి సినిమా తొలిగుమ్మం ఆ దుకాణమే. మా ఊళ్ళో టాకీసు లేదు. సినిమా మారిందంటే సేటు గోడ చెప్పాలి. సైకిల్ మీద గోందు డబ్బా తగిలించుకుని వచ్చిన కుర్రాడు పాత హీరో మొహం మీద కొత్త హీరోని అంటించి పోయేవాడు. గోడ ఇచ్చినందుకు టాకీసు వాళ్ళు సేటుకి ఒక పాసు ఇచ్చేవాళ్ళు. సేటు సినిమాకి పోడు. ఆ పాసు కోసం మా అన్నయ్యలు పోటీలుపడి బస్తాలు దించేవాళ్ళు. ఉప్పు బస్తా దించినవాడికి నేల, బియ్యం బస్తాలు దించినవాడికి బెంచీ అని మేం హాస్యమాడుకునేవాళ్ళం గానీ, ఉన్నది ఒక్క పాసే!

ఇంకో సంగతి. అప్పట్లో సరుకంతా కాగితప్పొట్లాల్లో వచ్చేది. పాత వారపత్రికలు కిలోల లెక్కన కొనుక్కొచ్చి సేటు పొట్లాలు కట్టేవాడు. అందులో సినిమా పత్రికలే ఎక్కువ. చక్కెర పొట్లం విప్పితే ఒక తార ఇంటర్వ్యూ సగం ఉండేది. మిగతా సగం ఎవరింటి పసుపు పొట్లమైపోయిందో! పెళ్ళి గురించి ఆ తార ఏం చెప్పిందో నాకు ఈనాటికీ తెలీదు. మీరు చదువుతున్న ఈ పేజీకి పొట్లమయ్యే యోగం ఉందో లేదో చెప్పలేను. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ కవర్లే కదా.

ఇంత చేసిన దుకాణదారుని మన సినిమా ఎలా చూపించిందంటారా? తక్కెడ అడుగున చింతపండు అంటించేవాడిగా, బియ్యంలో రాళ్ళు కలిపేవాడిగా! పిసినిగొట్టు వేషమంటే ఒక కాలంలో రమణారెడ్డి, తర్వాత అల్లు రామలింగయ్య, 1987లో 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు మనల్ని పొట్టలు చెక్కలయ్యేలా నవ్వించారు. నవ్వాం, బాగుంది. కానీ ఆ పిసినిగొట్టు వెనకాల అటక మీదున్న ఎర్ర అట్ట పుస్తకాన్ని ఏ కెమెరా దగ్గరగా చూపించలేదు. మా కథంతా ఆ పుస్తకంలోనే ఉంది.

దాన్ని మేం ఉద్దెర పుస్తకం అంటాం. ఉద్దెర అంటే అరువు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో సగం ఇళ్ళ బతుకు రెండు ఆదాయాల మీద సాగుతుంది. ఆడవాళ్ళు చేసే బీడీలు ఒకటి. దుబాయికో, మస్కట్‌కో, సౌదీకో పోయిన మగవాళ్ళు పంపే పైసలు రెండోది. ఈ రెండింటికీ ఒకే జబ్బు. ఆకలి రోజూ వేస్తుంది, డబ్బు రోజూ రాదు. బీడీల కూలి వచ్చే రోజు ఒకటుంటుంది. దుబాయి డబ్బయితే కంపెనీ వాడి దయ, ఒక నెల వస్తుంది, మూడు నెలలు రాదు. పోయిన కొత్తలో అసలే రాదు, ఏజెంటు అప్పే తీరదు. ఆ నడిమధ్య రోజుల్లో పొయ్యి వెలిగించేది సేటు పుస్తకం. "మా ఆయన పంపంగనే ఇస్త సేటూ" అంటే చాలు. కాగితం లేదు, సంతకం లేదు, వడ్డీ లేదు. ఏ బ్యాంకైనా అరపావు మంచినూనెకి అప్పిస్తుందా చెప్పండి!

మరి అంత అవసరమైన దుకాణం ఎందుకు మూతపడుతోంది? ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, సేటు పక్కన ఒక పొద్దంతా కూర్చుంటే చాలు. నేను కూర్చున్నాను. చేతిలో నోటున్నవాడు ఆటో ఎక్కి పట్నం పోతున్నాడు. నెల సామానంతా అద్దాల దుకాణంలో కొంటున్నాడు, అక్కడ రెండు రూపాయలు తక్కువ, పైన చల్లగాలి. చేతిలో నోటు లేనివాడు సేటు దగ్గరకొస్తున్నాడు. నగదు పట్నానికీ, ఉద్దెర పల్లెకీ పోతే దుకాణం ఎలా నిలుస్తుంది? సేటు కరీంనగర్ హోల్‌సేల్ వాళ్ళకి కట్టాల్సింది మాత్రం నగదే. అద్దాల దుకాణంలో కొన్న ఆసామి కూడా, ఇంటికొచ్చాక అగ్గిపెట్టె మరిచిపోయానని గుర్తొస్తే రాత్రి తొమ్మిదింటికి సేటు తలుపు తడతాడు. ఒక్క అగ్గిపెట్టె. అదీ రాసుకొమ్మంటాడు!

దుకాణం పోతే ఏమవుతుందో మా మండలానికి వేరే చెప్పనక్కర్లేదు. మధ్య మానేరు జలాశయం కోసం కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, శాభాష్‌పల్లి లాంటి ఊళ్ళు లేచిపోయాయి. 2019 నాటికి నీళ్ళు నిండాయి. వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయ స్వామి గుడి చుట్టూ నీళ్ళు చేరి దీవి అయిపోయింది. కరువు నేలకి నీళ్ళొచ్చాయి, కాదనను. కానీ ముంపు ఊరి దుకాణమాయన ఒకాయన నాకు తెలుసు. ఇంటికి లెక్క కట్టారు, పొలానికి లెక్క కట్టారు, ఉద్దెర పుస్తకానికి ఎవరు లెక్క కడతారు? ఊరు ఒక్కచోటికే పోలేదు. కొందరు కాలనీకి, కొందరు వేములవాడకి, కొందరు కరీంనగర్‌కి పోయారు. బాకీ ఎగ్గొట్టాలని ఎవరూ అనుకోలేదు పాపం. రోజూ ఎదురుపడే మనిషి ఎదురుపడకపోతే బాకీ దానంతటదే మరుపున పడుతుంది. ఆ పుస్తకాన్ని ఆయన ఇంకా దాచుకున్నాడు, అందులో పేర్లు చదువుతుంటే ఊరు కనబడుతుందట.

అందుకే మా సేటు మాట విని ఊరు కాస్త ఉలిక్కిపడింది. ఒక ఆదివారం పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నాం. కుర్రాళ్ళే ఎక్కువమంది వచ్చారు, సంతోషమే. దుకాణానికి పాతకాలం రంగులు వేద్దామన్నారు, ఫోనులో చిన్న సినిమా తీసి వదులుదామన్నారు. ఒక అబ్బాయి 'బలగం' పేరెత్తాడు. 2023లో మన సిరిసిల్ల వేణు యెల్దండి తీసిన ఆ సినిమాని పల్లెల్లో తెరలు కట్టుకుని ఊళ్ళకి ఊళ్ళు కూర్చుని చూశాయి, మీకు గుర్తుండే ఉంటుంది. మా దగ్గరా చూశారు, కొంగులు తడిసిపోయాయి. నేనన్నాను, "తమ్మీ, ఏడ్వడం మనకి బాగానే వచ్చు. ఆ రాత్రి ఏడ్చినవాళ్ళు తెల్లారి సామాను ఎక్కడ కొన్నారు?" వాడు నవ్వి ఊరుకున్నాడు.

సినిమా మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక సినిమా కథ చెప్పాను. ఆ బోయిన్‌పల్లికి దగ్గర్లోనే తిరుమలగిరిలో పుట్టినవాడు శ్యామ్ బెనెగల్. తెలుగులో 'అనుగ్రహం' (1978) తీసింది ఆయనే. 1976లో ఆయన 'మంథన్' తీశాడు. గుజరాత్ పల్లెల్లో పాల సహకార సంఘం ఎలా పుట్టిందన్నది కథ. ఆ సినిమాకి నిర్మాతలెవరో తెలుసా? 5 లక్షల మంది పాడి రైతులు! మనిషికి 2 రూపాయలు. మొత్తం 10 లక్షలు. సినిమా విడుదలయ్యాక ఆ రైతులు లారీలెక్కి వచ్చి, తాము పెట్టుబడి పెట్టిన సినిమా తామే టిక్కెట్టు కొనుక్కుని చూశారు. అందులో స్మితా పాటిల్ ఉంది, నసీరుద్దీన్ షా ఉన్నాడు, పాల వ్యాపారిగా అమ్రీష్ పురి ఉన్నాడు. 2024లో ఆ సినిమా ప్రింటు బాగుచేసి కాన్స్ ఉత్సవంలో చూపించారు. ఆ ఏడాది డిసెంబరులోనే బెనెగల్ కన్నుమూశాడు. చివర్లో సంఘం పెట్టించిన డాక్టరు ఊరు విడిచి వెళ్ళిపోతాడు, ఊరివాళ్ళే దాన్ని నడుపుకోవాలి. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే నచ్చింది ఆ వెళ్ళిపోవడమే.

కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. సేటు గోడకి ఆనుకుని అంతా విన్నాడు. విని, "మంచిగనే ఉంది బిడ్డా. రెండు రూపాలేసుకుని సినిమా తీసిండ్రు. కానీ సినిమా ఒక్కసారి తీస్తె అయిపాయె. దుకాణం పొద్దున లేస్తె తియ్యాలె కద!" అన్నాడు.

ఇంత మంచి డైలాగు ఏ రచయితకి తడుతుంది చెప్పండి! మేమంతా నోరు మూసుకున్నాం.

నిజమే మరి. ఊరంతా చేతులు కలిపి దుకాణం నిలబెట్టుకోవడం కొత్త కాదు. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్ళో, మన సిరిసిల్ల లాంటి నేతగాళ్ళ ఊరే, 1844 డిసెంబరు 21న 28 మంది కలిసి ఒక చిన్న దుకాణం తెరిచారు. మొత్తం పెట్టుబడి 28 పౌన్లు. అమ్మిన సరుకులు గోధుమపిండి, వెన్న, చక్కెర, ఓటు పిండి, కొవ్వొత్తులు, అంతే. కల్తీ లేదు, తూకంలో మోసం లేదు. లాభం వస్తే ఎవరెంత కొన్నారో వాళ్ళకంత వాటా. లోకంలో సహకార సంఘాలన్నీ ఆ దుకాణాన్నే పెద్దగా చెప్పుకుంటాయి. నూరేళ్ళయ్యాక 1944లో 'మెన్ ఆఫ్ రోచ్‌డేల్' అని సినిమా కూడా తీశారు, దుకాణం ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఈనాటికీ బ్రిటన్ పల్లెల్లో ఊరివాళ్ళు వాటాలు వేసుకుని నడుపుకునే దుకాణాలు 300కు పైగా ఉన్నాయి. ముసలి దుకాణమాయన మూసేస్తానంటే ఊరంతా వాటాలేసి కొనేస్తుంది. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. వారానికి రెండు గంటలు జీతం లేకుండా గల్లా దగ్గర కూర్చునే పింఛనుదార్లు ఉంటారు.

అయితే రోచ్‌డేల్ వాళ్ళది ఒక కఠినమైన నియమం. ఉద్దెర లేదు! నగదు ఇవ్వు, సరుకు పట్టుకుపో. ఆ ఊళ్ళోనే అంతకుముందు, 1833లో, తెరిచిన ఒక దుకాణం అరువులిచ్చి రెండేళ్ళకే మూతపడింది. ఆ దెబ్బ తిని వీళ్ళు నగదు మాటకి వచ్చారు. ఈ సంగతి చెప్పగానే లెక్కలు తెలిసిన ఒక కుర్రాడు, "మనమూ అదే పెడదాం. ఉద్దెర బందు. స్కానరు పెడదాం" అన్నాడు.

అప్పటిదాకా తంబాకు చాటలో చేతులాడిస్తూ కూర్చున్న ఒక అవ్వ తలెత్తింది. "నగదు నా చేతుల ఉంటె మీ దుకాణమెందుకు పిలగా? నేనూ ఆటో ఎక్కి కరీంనగర్ పోత. మీకు గోడ కావాలె, బోర్డు కావాలె. నాకు ఉద్దెర కావాలె. అది లేకుంటె అండ్ల ఏమున్నది నిలుపుకొనుటానికి?" అంది.

మీటింగులో అసలు సంగతి చెప్పింది ఆవిడొక్కతే. ఉద్దెర ఇస్తే దుకాణం మునుగుతుంది, ఉద్దెర లేకపోతే దుకాణం ఉండి లాభం లేదు. రోచ్‌డేల్ నేతగాళ్ళకి వారం వారం కూలి చేతికొచ్చేది కాబట్టి వాళ్ళకి నగదు మాట చెల్లింది. ముందు వారం బాకీ తీర్చాకే కొత్త జీవితం మొదలుపెట్టగల మనిషికి అది చెల్లుతుంది. దుబాయి నుంచి మూడు నెలలుగా పైసా రాని ఇల్లాలికి ఎలా చెల్లుతుంది?

దీనికి జవాబు మాకు ఇంగ్లండులో దొరకలేదు, కాస్త ఇవతల ముల్కనూరులో దొరికింది. ఇప్పుడది హనుమకొండ జిల్లా, అప్పుడు మా కరీంనగర్ జిల్లానే. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు మొదలుపెట్టారు, అది ఇవాళ్టికీ నడుస్తోంది. వాళ్ళు అప్పు ఇవ్వడం మానలేదు. అప్పిచ్చేదీ సంఘమే, ఎరువు అమ్మేదీ సంఘమే, పంట కొనేదీ సంఘమే. పంట అమ్మినప్పుడే అప్పు తీరిపోతుంది. అంటే అప్పు ఇవ్వడం తప్పు కాదు, డబ్బు వచ్చే దారిలో అది కూర్చుని ఉండాలి. నాకు ఇది రోచ్‌డేల్ కంటే మన ఒంటికి సరిపోయే చొక్కాలా కనబడుతుంది.

మరి మా ఊళ్ళో ఏం చేశాం? వాటాలూ, రిజిస్ట్రేషనూ అంటే పనయ్యేది కాదు. ఉల్టా ఉద్దెర అని ఒకటి పెట్టాం. పేరు కుర్రాళ్ళు పెట్టిందే. నగదు ఉన్న ఇల్లు నెల మొదట 500 రూపాయలు దుకాణంలో ముందే జమ చేస్తుంది. నెలంతా ఆ మేరకు సరుకు తీసుకుంటుంది. అంటే సేటు మనకి బాకీ అన్నమాట! ఆ డబ్బుతో కరీంనగర్‌లో నగదుకి సరుకు తెస్తే కాస్త చవకగా వస్తుంది. జమ చేసిన ఇళ్ళ బలం మీద జమ చేయలేని ఇళ్ళకి ఉద్దెర నడుస్తుంది. ఆ ఉద్దెరకి హద్దు ఉంది. బీడీల కూలి వచ్చే రోజు సగమైనా కట్టాలి. దుబాయి ఇళ్ళకి మాత్రం మూడు నెలల గడువు. దుబాయిలో ఉన్న మా ఊరి పిల్లలకి ఈ సంగతి ఫోనులో తెలిసింది. కొందరు ఇంటికి పంపే డబ్బులోంచి 500 నేరుగా దుకాణానికే పంపుతున్నారు. ఇంట్లో అన్నదమ్ముల చేతుల్లో పడకుండా భార్య పొయ్యికి చేరుతుందని వాళ్ళ లెక్క. ఈ లెక్క మాకెవరికీ తట్టలేదు సుమండీ!

గల్లా దగ్గర ఎవరు కూర్చోవాలన్నది పెద్ద చర్చే అయింది. మహిళా సంఘంలో లెక్కలు రాసే ఒక అమ్మాయి, డిగ్రీ చదివి పెళ్ళయి మా ఊరికి వచ్చింది, ఒప్పుకుంది. జీతం ఇస్తున్నాం, ఎక్కువేం కాదు. కుర్రాళ్ళు వంతులవారీగా సరుకు తెస్తున్నారు. గోడకి రంగులు వేయలేదు. వేద్దామంటే ఆ అమ్మాయే, "ఆ డబ్బుకి రెండు బస్తాల బియ్యమొస్తయి" అంది.

అన్నీ చక్కగా జరుగుతున్నాయని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. మొదటి నెల ముందుకొచ్చి జమ చేసినవాళ్ళలో కొందరు రెండో నెల కనబడలేదు. వాళ్ళ ఆటో చప్పుడు మాత్రం వినబడుతోంది. సేటు పాత పుస్తకంలోని బాకీల సంగతి ఇంకా తేలలేదు. అవి ఆయన సొంతం, కొత్త దుకాణానికి సంబంధం లేదని రాసుకున్నాం గానీ, పాత బాకీ ఉన్న మనిషి కొత్త దుకాణం మెట్లెక్కడానికి మొహమాట పడుతున్నాడు. కొందరు చీకటి పడ్డాక వస్తున్నారు. సేటు మొన్న ఆ అమ్మాయితో, "నేను అటు తిరిగి కూసుంట, రమ్మను బిడ్డా" అన్నాడు.

అవును, సేటు ఇంకా హైదరాబాదు పోలేదు. దసరా పోయింది, సంక్రాంతీ పోయింది. కొడుకు ఫోను చేసినప్పుడల్లా "వచ్చే నెల" అంటాడు. పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. కవరు బదులు కాగితంలో పొట్లం కట్టమని ఆ అమ్మాయికి నేర్పబోతే ఆవిడ వేళ్ళకి ఆ మడత ఎంతకీ లొంగలేదు. "డిగ్రీల ఇది చెప్పలేదా?" అని ఆయన, "మీకు స్కానరు వచ్చా?" అని ఆవిడ. మధ్యలో చక్కెర కోసం వచ్చిన వాళ్ళకి వినోదం.

మూడో నెల లెక్క చూస్తే 340 రూపాయలు తక్కువ తేలింది. దొంగతనం కాదు, ఎక్కడో రాయడం మరిచారు. చిన్న మొత్తమే కదా వదిలేద్దాం అని ఒకరన్నారు. "రోచ్‌డేలోళ్ళు ఇడిసేటోళ్ళా?" అని అవ్వ అడిగింది. ఆ పేరు ఆవిడ నోట వినడం నాకు భలే ముచ్చటేసింది. అందుకని ఈ ఆదివారం మళ్ళీ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటున్నాం, మాట్నీ వదులుకుని మరీ.